నలభైల్లో మళ్ళీ మొదటి జీతం

విదేశీ ప్రయాణం ఖాయమైనప్పుడు ఒకరి ఆఫర్ లెటర్‌ను ఇంటిల్లిపాదీ పదిసార్లు చదువుతారు. రెండోవారి పదిహేనేళ్ళ సర్వీసు ఏమవుతుందని మాత్రం ఎవరూ అడగరు. అమెరికా, కెనడాల్లో నడివయసులో వృత్తి మార్చుకుంటున్న మనవాళ్ళ కష్టం చాలావరకు ఆ అడగకపోవడం దగ్గరే మొదలవుతోంది.

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌లో హెచ్-4 వీసా ఇంటర్వ్యూ ఎక్కువసేపు పట్టదు. పెళ్ళెప్పుడైంది, మీవారు ఏ కంపెనీలో చేస్తారు, ఎన్నాళ్ళుగా అక్కడున్నారు, పిల్లలెంతమంది... దాదాపు అంతే. అధికారిని తప్పు పట్టడానికేమీ లేదు. అది జీవిత భాగస్వామిగా ఇచ్చే వీసా, అడగాల్సింది భాగస్వామి గురించే. బాధేమిటంటే ఇంట్లోవాళ్ళూ అంతకుమించి అడగరు. ప్యాకేజీ ఎంత, అద్దె ఎంత, పిల్లల స్కూలుకు రేటింగ్ ఎంత, ఇండియన్ స్టోర్ ఎంత దూరం అని అన్నీ ఆరా తీస్తారు. పన్నెండేళ్ళుగా జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్న మనిషి అక్కడికెళ్ళి ఏం చేయాలన్న సంగతి వచ్చేసరికి ‘ముందు వెళ్ళనీ, తర్వాత చూసుకోవచ్చు’ అంటారు.

ఆ ‘తర్వాత’ ఎంత ఖరీదైనదో కాస్త లెక్క చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వోద్యోగి పదవీ విరమణ వయసు 62, తెలంగాణలో 61. అంటే 42 ఏళ్ళ టీచరమ్మ రాజీనామా చేసి వెళ్ళిందంటే దాదాపు ఇరవై ఏళ్ళ పని వదిలేసి వెళ్ళినట్టు. అవతలి ఒడ్డున ఆ ఇరవై ఏళ్ళలో ఎన్ని దక్కుతాయన్నది టికెట్లు కొనకముందే తేల్చుకోవాల్సిన విషయం. అద్దె కంటే, స్కూలు రేటింగ్ కంటే ముందు తేల్చుకోవాల్సిన విషయం.

అమెరికాలో 2010 నుంచి 2017 మధ్య తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారు. అక్కడ అంత వేగంగా పెరిగిన భాష మరొకటి లేదని అప్పట్లో ఘనంగా చెప్పుకున్నాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయంలోకి వెళితే సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లతో పాటు వాళ్ళ వెంట వచ్చిన లెక్చరర్లు, ఫార్మసిస్టులు, డెంటిస్టులు, లాయర్లు, బ్యాంకు ఉద్యోగులు, సివిల్ ఇంజనీర్లు కనిపిస్తారు. మన గొప్పల లెక్కలో వాళ్ళ వృత్తులు ఎక్కడా చేరలేదు.

కార్డు కోసం కాచుకుని

హెచ్-4 మీద వెళ్ళినవాళ్ళు చదువుకోవచ్చు, కారు నడపొచ్చు, బ్యాంకు ఖాతా తెరుచుకోవచ్చు. ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనతో కొందరికి ఒక దారి దొరికింది. హెచ్-1బి మీదున్న భర్తకో భార్యకో గ్రీన్ కార్డు ప్రక్రియలో ఐ-140 అనే కంపెనీ దరఖాస్తుకు ఆమోదం వస్తే, లేదా ఆ ప్రక్రియ సాగుతున్నందువల్ల హెచ్-1బి ఆరేళ్ళ గడువు దాటి పొడిగింపు దొరికితే, హెచ్-4 వారు ఉద్యోగ అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మనవాళ్ళందరూ ఈఏడీ అని పిలుచుకునేది దీన్నే. ఈ కార్డు అందుకున్నవాళ్ళలో నూటికి తొంభైమందికి పైగా భారతీయులు, ఆడవాళ్ళే అత్యధికులు.

ఈ నిబంధన మీద మొదటి నుంచీ కోర్టు కేసు నడిచింది. రద్దు చేస్తామని ప్రభుత్వం ఒకసారి ప్రకటించింది, తర్వాత ఆ ఆలోచన మానుకుంది. చివరికి 2025 అక్టోబరులో ఆ కేసును విచారణకు తీసుకోవడానికి అమెరికా సుప్రీంకోర్టు నిరాకరించింది. హమ్మయ్య అనుకునేలోపే ఇంకో చిక్కు వచ్చిపడింది. కార్డు గడువు తీరకముందే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకు, కొత్తది వచ్చేదాకా పాత కార్డు మీదే పని చేసుకునే వీలు అంతకుముందు చాలావరకు ఉండేది. 2025 అక్టోబరు 30 నుంచి పెట్టుకున్న దరఖాస్తులకు ఆ ఆటోమేటిక్ పొడిగింపు ఎత్తేశారు. కొత్త కార్డు రావడం ఆలస్యమైతే ఉద్యోగం మధ్యలో ఆగిపోతుంది.

అయినా ఈఏడీ వచ్చేదాకా ఉన్న కాలాన్ని ఖాళీ కాలమని అనుకోనక్కర్లేదు. హెచ్-4 మీద పూర్తిస్థాయి కోర్సులో చేరవచ్చు, దానికి స్టూడెంట్ వీసా అక్కర్లేదు. చాలా రాష్ట్రాల్లో స్థానికులకిచ్చే తక్కువ ఫీజే వీళ్ళకూ వర్తిస్తుంది. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళ నర్సింగ్ కోర్సు చేసి, ఎన్‌క్లెక్స్ పరీక్ష రాసి నర్సుగా స్థిరపడ్డవాళ్ళలో మనవాళ్ళున్నారు. ఫుడ్ బ్యాంకులోనో లైబ్రరీలోనో జీతం లేని స్వచ్ఛంద సేవ చేయొచ్చు. అక్కడ పరిచయమైన ఇద్దరు మనుషులు రేపు రెఫరెన్స్ ఇస్తారు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా జాగ్రత్త పడాలి. వాట్సాప్ గ్రూపులో పచ్చళ్ళు, సున్నుండలు అమ్మడం చాలామందికి నిరపాయంగా కనిపిస్తుంది. టెక్సస్‌లో ఇంట్లో వండి అమ్ముకోవడానికి ప్రత్యేకంగా చట్టమే ఉంది. ఏడాదికి 50 వేల డాలర్లున్న అమ్మకాల పరిమితిని 2025 సెప్టెంబరు నుంచి లక్షన్నర డాలర్లకు పెంచారు కూడా. కానీ ఆ చట్టం వంటకు సంబంధించింది, వీసాకు సంబంధించింది కాదు. ఈఏడీ లేకుండా డబ్బు తీసుకుంటే అది అనుమతి లేని పని కిందే వస్తుంది. ఆవకాయ సీసా కోసం గ్రీన్ కార్డును పణంగా పెట్టకండి.

గోడమీద ఫ్రేము, చేతిలో ట్రే

ఏ చదువు ఏ దేశంలో ఎంతవరకు చెల్లుతుందో ముందే తెలుసుకోవడం ఎంత అవసరమో చెప్పడానికి ఫార్మసీని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

గుంటూరులోనో వరంగల్‌లోనో మెడికల్ షాపు నడిపిన ఫార్మసిస్టు సంగతే తీసుకోండి. షాపు గోడమీద ఆమె రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టి ఉంటుంది. చీటీలో డోసు తేడాగా కనిపిస్తే డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతుంది. ‘ఇది తిన్నాక వేసుకోవాలా, తినకముందా అమ్మా’ అన్న పెద్దాయనకు స్ట్రిప్పు మీద పెన్నుతో గీతలు గీసి, పొద్దున ఇది, రాత్రి ఇది అని చూపించి పంపుతుంది. అమెరికా వెళ్ళాక ఆమెకు త్వరగా దొరికే పని ఫార్మసీ టెక్నీషియన్. అక్కడ చాలా మందులు స్ట్రిప్పుల్లో రావు, పెద్ద డబ్బాల్లో వస్తాయి. మాత్రల్ని ప్లాస్టిక్ ట్రేలో పోసి, చిన్న పలకలాంటి దానితో ఐదేసి చొప్పున ఒక పక్కకు జరుపుతూ లెక్కపెట్టాలి. ఐదు, పది, పదిహేను అంటూ ముప్ఫై వచ్చాక నారింజరంగు సీసాలో నింపి మూత బిగించాలి. ఇంతలో కౌంటర్ అవతల నిలబడ్డావిడ, ఈ మందు నా బీపీ మాత్రతో కలిపి వేసుకోవచ్చా అని అడుగుతుంది. జవాబు ఈమెకు కంఠతా వచ్చు. కానీ చెప్పకూడదు. మందుల గురించి సలహా ఇచ్చే అధికారం లైసెన్సున్న ఫార్మసిస్టుకే ఉంటుంది. ‘ఒక్క నిమిషం, ఫార్మసిస్టును పిలుస్తాను’ అని పక్కకు తప్పుకుని మళ్ళీ ట్రే దగ్గరికి వెళ్ళాలి.

మరి ఆమే ఆ లైసెన్సు తెచ్చుకోవచ్చు కదా అంటే, చిక్కంతా అక్కడే ఉంది. విదేశాల్లో ఫార్మసీ చదివినవాళ్ళు రాయాల్సిన ఎఫ్‌పీజీఈఈ పరీక్షకు, 2003 జనవరి 1 నుంచి పట్టా పొందినవాళ్ళయితే కనీసం ఐదేళ్ళ కోర్సు చదివి ఉండాలి. మన బి.ఫార్మసీ నాలుగేళ్ళు. ఆరేళ్ళ ఫార్మ్.డి కోర్సు మనదేశంలో మొదలైందే 2008లో. అంటే 2005, 2006 ప్రాంతాల్లో బి.ఫార్మసీ పూర్తిచేసి ఇవాళ నలభైల్లో ఉన్నవాళ్ళు ఆ ఒక్క ఏడాది తేడాతో పరీక్ష హాలు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నారు. అదే పట్టాతో కెనడా వెళితే అక్కడి ఫార్మసీ ఎగ్జామినింగ్ బోర్డు తలుపు తీస్తుంది. పత్రాల పరిశీలన, మూల్యాంకన పరీక్ష, తర్వాత రెండు భాగాల అర్హత పరీక్ష ఉంటాయి. కష్టమే, కానీ అది దారి. ఒకే మనిషి, ఒకే చదువు. సరిహద్దుకు ఇటువైపు టెక్నీషియన్, అటువైపు ఫార్మసిస్టు. రెండు దేశాల్లో ఏది ఎంచుకోవాలో ఇంకా తేల్చుకోని కుటుంబానికి ఈ ఒక్క ముక్క ముందే తెలిస్తే నిర్ణయమే మారిపోవచ్చు.

డాక్టర్ల సంగతి పాఠకులకు కొంత తెలిసిందే. యూఎస్‌ఎంఎల్ఈ పరీక్షలు రాయాలి, ఈసీఎఫ్‌ఎంజీ ధ్రువీకరణ పొందాలి, ఆపైన రెసిడెన్సీ సీటు సంపాదించాలి. పట్టా వచ్చి చాలా ఏళ్ళయిందంటే చాలా ఆస్పత్రులు దరఖాస్తును పక్కన పెడతాయి. అందుకే సొంతంగా నర్సింగ్ హోమ్ నడిపిన గైనకాలజిస్టుకు నిన్నగాక మొన్న ఎంబీబీఎస్ పూర్తిచేసిన కుర్రాడి కంటే దారి ఇరుకు. టెన్నెసీ రాష్ట్రం 2023లో ఒక చట్టం చేసి, విదేశాల్లో శిక్షణ పొంది, అనుభవమున్న డాక్టర్లకు కొన్ని షరతుల మీద మళ్ళీ రెసిడెన్సీ చేయకుండానే తాత్కాలిక లైసెన్సు ఇచ్చే దారి తెరిచింది. ఇంకొన్ని రాష్ట్రాలూ ఆ బాట పట్టాయి. డెంటిస్టులైతే అక్కడి డెంటల్ కాలేజీలో మళ్ళీ రెండు మూడేళ్ళు చదవాలి, ఫీజు లక్ష డాలర్లు సులువుగా దాటుతుంది. అంత పెట్టలేనివాళ్ళు కొందరు ఫ్లోరిడా వైపు చూస్తారు. విదేశాల్లో బీడీఎస్ చదివినవాళ్ళు డెంటల్ హైజీనిస్టు లైసెన్సుకు ప్రయత్నించే వీలు అక్కడుంది.

మన డాక్టరు పట్టా అవతలి ఒడ్డున పనికిరాకపోవడం ఇవాళ కొత్తగా వచ్చిన కష్టం కాదు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరినప్పుడు చేతిలో ఉన్నది ఎంబీబీఎస్ కంటే చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టా. డాక్టరుగా చేయడానికి అది చాలలేదు. ఒక ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా పనిచేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నాడు. అందరికీ తెలిసిన కథ ఇది. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది 1940 నాటి సంగతి. హార్వర్డ్‌లో శాశ్వత స్థానం దక్కక, 45 ఏళ్ళ వయసులో విశ్వవిద్యాలయాన్ని వదిలి లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. ఆ తర్వాత ఆయన బతికింది ఎనిమిదేళ్ళే. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేయడం, రక్తక్యాన్సర్ పిల్లలకు తొలిసారి కొంత ఊరటనిచ్చిన అమినోప్టెరిన్, బోదకాలుకు మందు, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్... అన్నీ ఆయన నడిపిన బృందం ఆ ఎనిమిదేళ్ళలో సాధించినవే. భీమవరం ప్రాంతంలో బోదకాలు ఎంతమందిని పీడించిందో తెలిసినవాళ్ళకు ఆ మందు విలువ విడిగా చెప్పనక్కర్లేదు. సుబ్బారావు వృత్తి మార్చుకున్నాడు గానీ, అంతకుముందు పదిహేడేళ్ళు నేర్చుకున్న జీవరసాయన శాస్త్రాన్ని వదిలిపెట్టలేదు. దాన్నే వెంటబెట్టుకుని వెళ్ళాడు.

మూణ్ణెల్ల కోర్సు

ఇవాళ మనవాళ్ళు ఎక్కువగా తొక్కుతున్న దారి సుబ్బారావు దారికి పూర్తిగా విరుద్ధం. కొత్తగా దిగిన నెలలోనే ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతానికి వెళితే సలహా సిద్ధంగా ఉంటుంది: ‘అక్కా, ఆ ఫిజియోథెరపీ అదీ ఇక్కడ అయ్యే పని కాదు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చేసుకో. మూణ్ణెల్లు చాలు. మా వదిన కూడా అంతే.’ అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల గోడల నిండా ఉండే కోర్సుల పేర్లే ఇప్పుడు ఆన్‌లైన్‌లో వినిపిస్తాయి. అమెరికా రాత్రి వేళకు సరిపోయేలా క్లాసులు పెడతారు. ఫిజిక్స్ లెక్చరరూ, డెంటిస్టూ, తెలుగు ఎం.ఏ. చేసినావిడా ఒకే క్లాసులో కూర్చుని లాగిన్ పేజీకి టెస్ట్ కేసులు రాస్తారు.

ఈ దారిని చిన్నచూపు చూసే ఉద్దేశం నాకు లేదు. ఎంతోమంది దీనితోనే కాళ్ళమీద నిలబడ్డారు, ఇల్లు కొనుక్కున్నారు, ఇక్కడున్న అమ్మానాన్నలకు ఆపరేషన్లు చేయించారు. నాకు అభ్యంతరం రెండు విషయాల్లో. మొదటిది, మాన్యువల్ టెస్టింగ్ పనిని ఏళ్ళ క్రితమే ఆటోమేషన్ మింగడం మొదలుపెట్టింది. పదేళ్ళ క్రితం వదినకు దొరికిన ఉద్యోగం ఇవాళ మరదలికి అదే తీరున దొరకదు. రెండోది ఇంకా బరువైనది. కోర్సుతోపాటు కొన్ని కన్సల్టెన్సీలు రెజ్యూమెలో ఏడేళ్ళ అనుభవం ‘పెట్టిస్తాయి’. ఇంటర్వ్యూలో తెరవెనుక వేరొకరు జవాబులు అందిస్తారు. జీవితంలో ఒక్కసారీ క్లాసు ఎగ్గొట్టని టీచరమ్మ, చేయని ఉద్యోగం గురించి వణుకుతూ అబద్ధం చెప్పాల్సి వస్తుంది. దొరికిన ఉద్యోగంలో రోజూ ఆ భయం వెన్నాడుతుంది. రేపు గ్రీన్ కార్డు దరఖాస్తులో గత ఐదేళ్ళ ఉద్యోగాల వివరాలు సంతకం పెట్టి రాయాల్సినప్పుడు ఏది రాయాలి? నడివయసు మనిషికున్న పెద్ద ఆస్తి నిజాయితీగా చెప్పుకోగలిగిన పదిహేనేళ్ళ పని. దాన్ని చెరిపేసి దొంగ ఏడేళ్ళు రాయించడం కంటే అన్యాయం ఇంకోటి లేదు.

ఆ పదిహేనేళ్ళలో ఏ భాగం అక్కడ పనికొస్తుందని వెతికేవాళ్ళు నెమ్మదిగానే అయినా గట్టి నేలమీద నడుస్తారు. బి.ఫార్మసీ చదివినవాళ్ళు క్లినికల్ ట్రయల్స్ లెక్కల్లో వాడే శాస్ ప్రోగ్రామింగ్ నేర్చుకుని మందుల కంపెనీల్లో చేరడం మనవాళ్ళలో బాగా నలిగిన దారి. అక్కడ కోడ్ రాసేవాళ్ళు చాలామంది దొరుకుతారు. తాను రాసే కోడ్‌లో ఉన్నది ఏ మందు, ఏ డోసు, ఏ దుష్ఫలితం అని తెలిసినవాళ్ళు తక్కువ. ఇక్కడి డాక్టర్లు, ఫిజియోథెరపిస్టులు మెడికల్ కోడింగ్‌లోకి, క్లినికల్ రీసెర్చ్‌లోకి వెళుతున్నారు. సివిల్ ఇంజనీర్లు ఎఫ్ఈ పరీక్షతో మొదలుపెట్టి లైసెన్సు మెట్లెక్కుతున్నారు.

అన్నిటికంటే నాకు ఆశ కలిగించేది టీచర్ల దారి. లెక్కలు, సైన్సు చెప్పేవాళ్ళ కొరత అమెరికా స్కూళ్ళను ఏళ్ళ తరబడి వేధిస్తోంది. మన డిగ్రీని మదింపు సంస్థతో లెక్క కట్టించుకుంటే, టెక్సస్ వంటి రాష్ట్రాల్లో బీఈడీ మళ్ళీ చేయకుండానే ప్రత్యామ్నాయ సర్టిఫికేషన్ ద్వారా టీచర్ కావచ్చు. మూడేళ్ళ బీఎస్సీ ఒక్కటే ఉంటే మదింపులో పేచీ రావచ్చు, ఎమ్మెస్సీ కూడా ఉన్నవాళ్ళకు సులువు. తెలివైనవాళ్ళు నేరుగా అక్కడికి దూకరు. ముందు సబ్‌స్టిట్యూట్ టీచర్‌గానో, తరగతిలో సహాయకురాలిగానో చేరతారు. జీతం తక్కువ. భోజనాల గదిలో పిల్లల పాల డబ్బాలు తెరిచి ఇవ్వాలి, వానాకాలం కారిడార్‌లో వరస కట్టించాలి. ఎంసెట్ బ్యాచ్‌లకు రొటేషనల్ మోషన్ చెప్పిన మనిషికి మొదటి వారం కన్నీళ్ళు ఆగవు. కానీ అక్కడ కూర్చుని చూస్తే తప్ప తెలియని సంగతులు చాలా ఉన్నాయి. అక్కడి పిల్లలు ప్రశ్న అడగడానికి లేచి నిలబడరు. తప్పు జవాబు చెప్పిన పిల్లవాడిని మందలించకుండా, ఎలా వచ్చిందో చెప్పమని అడుగుతారు. ప్రత్యేక విద్యకు అర్హుడని తేల్చిన ప్రతి పిల్లవాడికీ విడిగా రాతపూర్వక ప్రణాళిక ఉంటుంది, దాన్ని పాటించడం చట్టం. బోర్డుకు తిరిగి గంటసేపు సమీకరణాలు రాస్తే అక్కడ క్లాసు చేజారిపోతుంది. ఇవి పట్టుబడ్డాక ఫిజిక్స్ ఎలాగూ ఆమె చేతిలోదే.

పాయింట్లలో వయసు

కెనడా కథలో మగవాళ్ళు ఎక్కువగా కనిపిస్తారు. ఎందుకంటే అక్కడికి చాలామంది ఉద్యోగం చేతిలో పెట్టుకుని కాదు, ముందు శాశ్వత నివాసం తెచ్చుకుని వెళతారు. 2015లో మొదలైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో వయసుకు పాయింట్లుంటాయి. భార్యో భర్తో వెంట లేనివాళ్ళకు 20 నుంచి 29 ఏళ్ళ దాకా 110, 35 ఏళ్ళకు 77, 40 ఏళ్ళకు 50, 45 నిండితే సున్నా. ఆస్ట్రేలియా ఇంకా కచ్చితం. అక్కడ పాయింట్ల వీసాకు 45 నిండితే దరఖాస్తే కుదరదు. అందుకే 38, 39 ఏళ్ళ దగ్గర మన ఇళ్ళలో ఒక్కసారిగా హడావుడి మొదలవుతుంది. ఐఈఎల్‌టీఎస్ కోచింగ్, మదింపుకు కావాల్సిన ట్రాన్‌స్క్రిప్టుల కోసం యూనివర్సిటీ చుట్టూ తిరగడం, ఫ్లాటు అమ్మకానికి పెట్టడం. ఈ హడావుడిలో పాయింట్లు ఎన్నొస్తాయన్నది అందరూ చూస్తారు. ఆ పాయింట్లు తెచ్చిపెట్టిన అనుభవాన్నే అక్కడి కంపెనీలు లెక్కచేస్తాయా అని చూసేవాళ్ళు తక్కువ.

హైదరాబాద్‌లో బ్యాంకు బ్రాంచి నడిపిన 43 ఏళ్ళ మేనేజరు ఒంటారియోలోని బ్రాంప్టన్‌లో దిగి దరఖాస్తులు పెడితే ‘కెనడియన్ అనుభవం ఉందా’ అనే ప్రశ్న ఎదురవుతుంది. నిన్నగాక మొన్న వచ్చినవాడికి ఆ అనుభవం ఎక్కడిది? ఈలోపు అద్దె కట్టాలి. గోదాముల్లో రాత్రి షిఫ్టు దొరుకుతుంది. 40 గంటల శిక్షణ, ఒక పరీక్ష అయితే సెక్యూరిటీ గార్డు లైసెన్సు వస్తుంది. తెచ్చుకున్న డబ్బు కరగకుండా ఆ పని చేయడంలో చిన్నతనమేమీ లేదు, పిల్లల కోసం ఎండలో నిలబడ్డ తండ్రులున్న నేల మనది. ప్రమాదమేమిటంటే, ఆర్నెల్లకని చేరిన రాత్రి షిఫ్టు ఐదేళ్ళు సాగడం. పగలు నిద్రపోయే మనిషి ఇంటర్వ్యూలకు వెళ్ళలేడు, పరీక్షలకు చదవలేడు.

పరిస్థితి కొంత మారుతోంది. కెనడియన్ అనుభవం కావాలని పట్టుబట్టడం వివక్షేనని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లోనే చెప్పింది. ఇంజనీరు లైసెన్సుకు ఆ రాష్ట్ర సంస్థ 2023లో ఆ షరతు తీసేసింది. 2026 జనవరి నుంచి ఒంటారియోలో మరీ చిన్నవి కాని సంస్థలు ఉద్యోగ ప్రకటనల్లో ఆ మాట రాయకూడదు. ప్రకటనలోంచి పోయినంత సులువుగా మేనేజరు మనసులోంచి పోదు, నిజమే. అందుకే ఆ బ్యాంకు మేనేజరు గోదాముతోపాటు ఇంకో పని కూడా అదే నెలలో మొదలుపెట్టాలి. కెనడియన్ సెక్యూరిటీస్ కోర్సు రాసి, బ్యాంకులోనే చిన్న కౌంటర్ ఉద్యోగమైనా సరే అందుకోవాలి. జీతం గోదాము కంటే తక్కువ కావచ్చు. కానీ అప్పు ఇవ్వదగ్గ మనిషెవరో ముఖం చూసి పసిగట్టే ఆయన అనుభవం ఆ కౌంటర్ నుంచే మళ్ళీ పైకి రాగలదు. టొరంటోలో వలస వచ్చిన వృత్తి నిపుణులకు అదే వృత్తిలోని స్థానికుడితో జత కలిపే మెంటారింగ్ కార్యక్రమాలు ఏళ్ళుగా నడుస్తున్నాయి. మనవాళ్ళు వాటికి మొహమాటంతో వెళ్ళరు. వెళ్ళాలి.

డే కేర్ లెక్క

మళ్ళీ మొదటి జీతం అందుకోబోయే మనిషికి అడ్డం పడేది ఒక్కోసారి సొంత ఇల్లే. ఇక్కడ పనిమనిషి ఉండేది, అమ్మో అత్తగారో పిల్లల్ని చూసుకునేవారు. అక్కడ వంటా, అంట్లూ, పిల్లల దింపుళ్ళూ అన్నీ ఉద్యోగం లేని మనిషి మీదే పడతాయి. చేతికి పని దొరికే సమయానికి భార్యాభర్తల సంభాషణ ఇలా సాగుతుంది.

‘నీకొచ్చేది డే కేర్‌కే సరిపోతుంది కదా, దేనికీ హైరానా?’

‘డే కేర్ మూడేళ్ళేనండీ. నేను ఇంకా ఇరవై ఏళ్ళు పనిచేయాలి.’

ఆవిడ చెప్పిందే సరైన లెక్క. డే కేర్ ఖర్చును ఆమె జీతంలోంచి ఎందుకు తీసేయాలి? పిల్లలు ఇద్దరికీ పుట్టారు, ఖర్చు ఇద్దరి జీతాల మీదా పడాలి. మొదటి మూడేళ్ళు ఇంటికి ఒక్క డాలరు మిగలకపోయినా రెజ్యూమెలో మూడేళ్ళ అనుభవం మిగులుతుంది. నాలుగో ఏడు ఉద్యోగం మారినప్పుడు దాని విలువ తెలుస్తుంది. అలాగే రెండో కారు. అమెరికా శివారు పట్టణాల్లో కారు లేని మనిషికి కాలేజీ లేదు, లైబ్రరీ లేదు, ఇంటర్వ్యూ లేదు. దిగిన మొదటి నెలల్లోనే డ్రైవింగ్ లైసెన్సు, తర్వాత పాతదైనా ఒక కారు. ఈ ఖర్చును విలాసంగా చూసే ఇళ్ళలో ఆడవాళ్ళ వృత్తి పార్కింగ్ స్థలంలోనే ఆగిపోతోంది.

ఇంటర్వ్యూ గురించి ఒక చిన్న మాట. మనవాళ్ళు వినయంతో ‘మా కాలేజీలో చేశాం’, ‘మా బ్రాంచిలో సాధించాం’ అంటారు. అవతల కూర్చున్నవాళ్ళకు కావాల్సింది నువ్వేం చేశావన్నది. నేను ఫలానా సంవత్సరం ఇంతమంది పిల్లలకు ఈ పాఠం చెప్పాను, ఫెయిలవుతున్నవాళ్ళను ఇలా పాస్ చేయించాను అని చెప్పడం గొప్పలు పోవడం కాదు. ఏళ్ళ గ్యాప్ గురించి అడిగితే తడబడక్కర్లేదు. ‘దేశం మారాను, పిల్లల్ని పెంచాను, ఈ కోర్సు చదివాను’ అంటే చాలు.

చివరగా వృద్ధాప్యం లెక్క. నలభైల్లో వెళుతున్నవాళ్ళు దీన్ని అందరికంటే ముందు తెలుసుకోవాలి. అమెరికాలో సొంత పనిమీద సోషల్ సెక్యూరిటీ పింఛను రావాలంటే 40 క్రెడిట్లు కావాలి. ఏడాదికి గరిష్ఠంగా 4 వస్తాయి, అంటే కనీసం పదేళ్ళ పని. 1960లో, ఆ తర్వాత పుట్టినవాళ్ళకు పూర్తి పింఛను వయసు 67. సొంత క్రెడిట్లు లేకపోయినా భర్త పింఛనులో సగం దాకా భార్యకు రావచ్చు, కానీ అది ఆయన రికార్డు మీద ఆధారపడి ఉంటుంది. కెనడాలో వృద్ధాప్య పింఛనుకు పద్దెనిమిదేళ్ళు నిండాక పదేళ్ళ నివాసం చూస్తారు. భారత్‌తో కెనడాకు సామాజిక భద్రత ఒప్పందం 2015 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. అమెరికాతో మనకు అలాంటి ఒప్పందం లేదు. గుంటూరులో కట్టిన పీఎఫ్ ఏళ్ళు అక్కడ లెక్కలోకి రావు.

కాబట్టి ఆ లెక్క అక్కడి మొదటి పే స్లిప్‌తోనే మొదలవుతుంది. టెక్నీషియన్‌గా ట్రే ముందు నిలబడి సంపాదించినా, స్కూలు భోజనాల గదిలో సంపాదించినా అందులో సోషల్ సెక్యూరిటీ కోత అని ఒక వరస ఉంటుంది. 44 ఏళ్ళకు ఆ వరస మొదలైతే, మధ్యలో ఆగకపోతే, 54 ఏళ్ళకు 40 క్రెడిట్లు ఆమె సొంత పేరుమీద నిండుతాయి. ‘వెళ్ళాక చూసుకుందాం’ అంటూ 60 దాకా నెట్టుకొస్తే 70 ఏళ్ళకు గానీ నిండవు.